క్యాంపర్ వ్యాన్‌కి ఎర్తింగ్, వైరింగ్: చాసిస్ నుంచి సాకెట్ దాకా

కళింగపట్నం లైట్‌హౌస్‌కి కాస్త ఇవతల, తెలిసినవాళ్ల ఇంటి పక్కన మా వ్యాన్ ఆపాం. వాళ్ల వరండా సాకెట్ నుంచి వైరు లాగి బ్యాటరీ చార్జింగ్ పెట్టాను. మా మేనల్లుడు సముద్రంలో ఆడుకుని తడి కాళ్లతో వచ్చి, స్లైడింగ్ తలుపు హ్యాండిల్ పట్టుకున్నాడు. "మావయ్యా, తలుపు జివ్వుమంటంది" అన్నాడు. నేను పట్టుకుంటే ఏమీ తెలియలేదు, నా కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. వాడు మళ్లీ చెయ్యి పెట్టబోతుంటే ఆపి మల్టీమీటర్ తీశాను. తడి ఇసకలో స్క్రూడ్రైవర్ గుచ్చి దానికి ఒక ప్రోబ్, హ్యాండిల్ పక్కన పెయింటు లేచిన చోట రెండోది పెట్టాను. 108 వోల్టులు.

వెంటనే వరండాలో స్విచ్ ఆపి ప్లగ్గు పీకేశాను. మర్నాడు ఇంటాయన్ని అడిగి, మెయిన్ ఆపి ఆ సాకెట్ విప్పితే, ఎర్త్ పిన్ను దూరే రంధ్రం వెనక వైరే లేదు. అక్కడి స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ బిగించలేదు.

ఊరికి తిరిగొచ్చాక వ్యాన్ వైరింగ్ మొత్తం పీకి మళ్లీ చేశాను. ఆ పని వరసే ఇక్కడ రాస్తున్నాను. టెంపో ట్రావెలర్‌ని ఇల్లులా మార్చుకునేవాళ్లకైనా, టిఫిన్ వ్యాన్ పెట్టుకునేవాళ్లకైనా ఇదే వరస పనికొస్తుంది. 230 వోల్టుల వైపు పనిని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. కానీ ఏం చేయాలో, ఎందుకు చేయాలో మీకు తెలిసుంటేనే ఆయన పనిని మీరు చూసుకోగలరు.

ముందుగా: ఎర్త్ అంటే రాడ్డు కాదు

విజయనగరంలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒక మాట అనేవారు: "బాబూ, కరెంటు భూమిలోకి పోదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే తిరిగి పోద్ది. ఏ దారిన పోద్దన్నదే సూడాల." ఎర్తింగ్ గురించి తెలుసుకోవాల్సినదంతా ఆ మాటలోనే ఉంది.

వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలుపుతారు. ఫేజు వైరు మీ ఫ్రిజ్ బాడీకి తగిలితే, ఆ కరెంటు ఎర్త్ వైరు గుండా వెనక్కి పోవాలి. ఎర్త్ వైరు లేకపోతే ఆ దారి మీరవుతారు. వ్యాన్ రబ్బరు టైర్ల మీద నిలబడి ఉంటుంది కాబట్టి బాడీకి భూమితో సంబంధం లేదు. లోపల నిలబడ్డవాళ్లకు ఏమీ తెలియదు. ఒక కాలు నేల మీద పెట్టి, ఒక చెయ్యి తలుపు మీద వేసినవాడికే తెలుస్తుంది. అందుకే పిల్లలకే ముందు కొడుతుంది. చెప్పులు విప్పి తిరిగేది వాళ్లే.

మరి ఆ 108 వోల్టులు ఎక్కడివి? నా వైరింగ్‌లో ఏ వైరూ తెగలేదు. బ్యాటరీ చార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్ లాంటివాటి లోపల ఫేజు నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ ఉన్నప్పుడు అతి కొద్ది కరెంటు వాటి గుండా ఎర్త్‌లోకి పోతుంది, ఎవరికీ తెలియదు. ఎర్త్ తెగితే వ్యాన్ బాడీ మొత్తం ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యలో, సుమారు సగం వోల్టేజీ దగ్గర తేలుతుంది. కరెంటు చాలా తక్కువ కనుక అది జివ్వుమనిపించి వదిలేస్తుంది. దాన్ని "కొంచెం షాకే కదా" అని వదిలేయకండి. ఎర్త్ లేదని వ్యాన్ మీకు చెబుతోంది. అదే రోజు లోపల ఫేజు వైరు ఒరుసుకుని ఉంటే బాడీ మీద పూర్తి 230 వోల్టులు ఉండేవి. తడి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే ఒంట్లోంచి 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. పది మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నదాన్ని వదలలేం.

రాడ్డు సంగతికి వద్దాం. వ్యాన్ పక్కన ఇనప రాడ్డు దిగ్గొట్టి బాడీకి వైరు కట్టేస్తే చాలని చాలామంది నమ్మకం. లెక్క వేద్దాం. మన ఇళ్ల ఎర్త్ గొయ్యి, ఉప్పూ బొగ్గూ వేసిందే అయినా, 20 ఓములు ఉందనుకోండి. ఫేజు బాడీకి తగిలితే పారేది 230 ÷ 20, అంటే దాదాపు 11.5 ఆంపియర్లు. మీ 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు పరిమితి మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్) దానికి పడదు, అంటే ట్రిప్ అవదు. అది ఆన్‌లోనే ఉంటుంది, వ్యాన్ బాడీ మీద ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచే ఉంటుంది. ఎర్త్ వైరుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకేజీని పట్టే స్విచ్) ఎందుకు తప్పనిసరో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే అది పడిపోతుంది. ఎర్త్ 20 ఓములైనా, 200 ఓములైనా అది పని చేస్తుంది.

దశ 1: పని మొదలుపెట్టే ముందు

వాహనానికి చేసే మార్పులకు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ వర్తిస్తుంది. సీట్లు తీసి మంచం, వంటగది పెట్టే ముందు రవాణా శాఖ అనుమతి సంగతి తేల్చుకోండి. తర్వాత కాగితం మీద మీరు వాడే వస్తువులు, వాటి వాట్లు రాసుకోండి. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. వరండాల్లో ఉండే 6 ఆంపియర్ల సాకెట్ 1380 వాట్ల దాకానే మోస్తుంది. ఆ సాకెట్‌కి ఆ పొయ్యి పెట్టొద్దని అప్పుడే తెలిసిపోతుంది.

దశ 2: బయటి కరెంటు లోపలికి వచ్చే చోటు

వ్యాన్ పక్క గోడకి మూత ఉన్న 16 ఆంపియర్ల, మూడు పిన్నుల నీలం రంగు ఇండస్ట్రియల్ ఇన్‌లెట్ పెట్టించండి. పిన్నులు వ్యాన్ వైపు, రంధ్రాలు కేబుల్ వైపు ఉండాలి. రెండు చివర్లా ప్లగ్గు బిగించిన వైరు ఎప్పుడూ తయారు చేయకండి. ఒక చివర సాకెట్‌లో ఉండగా రెండో చివర పిన్నులు చేతికి తగిలితే అంతే సంగతులు.

కేబుల్ మూడు కోర్ల 2.5 స్క్వేర్ ఎంఎం ఫ్లెక్సిబుల్, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కొనండి. వాడేటప్పుడు చుట్టను పూర్తిగా విప్పండి. చుట్టలో మిగిలిన కేబుల్ లోడు మీద వేడెక్కి ఇన్సులేషన్ కరిగిపోతుంది. అడాప్టర్ అవసరమైతే మూడు పిన్నులదే కొనండి. మన త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పొడుగ్గా, లావుగా ఉండేది ముందుగా కలవడానికి, చివరగా విడిపోవడానికి. దాన్ని విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో దూర్చేవాళ్లని చూశాను. ఆ పని వద్దు.

దశ 3: లోపలి డబ్బా

ఇన్‌లెట్ నుంచి వచ్చిన వైరు అర మీటరు, మీటరు లోపే డిస్ట్రిబ్యూషన్ బాక్సుకి చేరాలి. అందులో మొదట రెండు పోళ్ల (ఫేజునీ న్యూట్రల్‌నీ రెంటినీ కట్ చేసే) ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. దాని తర్వాత రెండు పోళ్ల ఎంసీబీలు: సాకెట్లకి 16, లైట్లకి 6. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడు ఆపదు, ఎంసీబీ లీకేజీ ఆపదు, అందుకే రెండూ కావాలి. చార్జర్లు, ఇన్వర్టర్లు ఉన్న వ్యాన్‌కి టైప్ ఏ (డీసీ కలిసిన లీకేజీని కూడా పట్టే రకం) ఆర్‌సీసీబీ మంచిది.

రెండు పోళ్లు ఎందుకంటే, ఊరూరా సాకెట్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉంటాయి. ఒక పోలు ఎంసీబీ అలాంటి చోట న్యూట్రల్‌ని కట్ చేసి, ఫేజుని లోపలే వదిలేస్తుంది. మీరు ఆఫ్ చేశామనుకుని చెయ్యి పెడతారు.

ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. కానీ ఆ బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ బాగుందని మాత్రం అనుకోకండి. ఆ బటన్ లోపల ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యే చిన్న తేడా పుట్టిస్తుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా అది పడుతుంది. ఈ సంగతి తెలియక మోసపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. కళింగపట్నంలో నా బటన్ చక్కగా పని చేసింది.

దశ 4: చాసిస్‌కి బాండింగ్

ఇదే అసలు పని, తొందరపడకండి. డబ్బాలో ఎర్త్ బస్‌బార్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ) పెట్టి, ఇన్‌లెట్ ఎర్త్ వైరు, ప్రతి సాకెట్ ఎర్త్ వైరు దానికి బిగించండి. అక్కడి నుంచి 6 స్క్వేర్ ఎంఎం పచ్చ-పసుపు వైరు ఒకటి చాసిస్‌కి తీసుకెళ్లండి.

చాసిస్ దగ్గర బోల్టు వేసే చోట పెయింటు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమెరీ కాగితంతో రుద్దండి. వైరు చివర రాగి లగ్గు (బోల్టు దూరే రింగు) తొడిగి, క్రింప్ చేసి (నొక్కి బిగించి), పళ్లున్న వాషర్ వేసి బిగించండి. పైన గ్రీజు పూయండి. సీటు బోల్టుకో, డీజిల్ ట్యాంకు దగ్గరి బోల్టుకో కట్టకండి. ఈ బోల్టు ఒక్కటీ ఎర్త్ కోసమే ఉండాలి. నేను మొదటిసారి పెయింటు మీదే బిగించాను. బోల్టు చూడడానికి గట్టిగానే ఉంది, మీటర్ మాత్రం ఓములు చూపిస్తూనే ఉంది.

తర్వాత లోహపు సింకు, గ్యాస్ పైపు, స్టీలు ఫ్రేములు కూడా అదే బస్‌బార్‌కి కలపండి. వెనక తలుపు కీలు తుప్పు పట్టి ఉంటే కనెక్షన్ ఉండదు. అల్లిన రాగి పట్టీ ఒకటి వేయండి.

ప్లగ్గు గోడ నుంచి తీసి, మల్టీమీటర్ ఓముల మీద పెట్టి చూడండి. ప్లగ్గు ఎర్త్ పిన్ను నుంచి తలుపు హ్యాండిల్‌కి, సింకుకి, ఫ్రిజ్ బాడీకి, మెట్టుకి, ప్రతి సాకెట్ ఎర్త్ రంధ్రానికి. అన్ని చోట్లా ఒక ఓము లోపే రావాలి. ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడే ఆగి సరిచేయండి.

దశ 5: న్యూట్రల్‌ని వ్యాన్‌లో ఎర్త్‌కి కలపొద్దు

ఊరి కరెంటు మీద ఉన్నప్పుడు వ్యాన్ లోపల న్యూట్రల్, ఎర్త్ ఎక్కడా కలవకూడదు. కొందరు ఎర్త్ వైరు లేని ఇంట్లో సాకెట్ వెనక న్యూట్రల్ నుంచి ఎర్త్ స్క్రూకి చిన్న ముక్క వైరు వేస్తారు. టెస్టర్‌కి, మీటర్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కానీ స్తంభం దగ్గర న్యూట్రల్ తెగినా, ఫేజు, న్యూట్రల్ తారుమారైనా వ్యాన్ బాడీ మొత్తం ఫేజు అయిపోతుంది.

జనరేటర్ మీద, ఇన్వర్టర్ మీద లెక్క వేరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, చిన్న జనరేటర్లే దిక్కయ్యాయి. అలాంటి జనరేటర్లలో చాలావాటికి న్యూట్రల్ దేనికీ కలిసి ఉండదు. అంటే తిరిగి వెళ్లే దారి లేదు, ఫేజు బాడీకి తగిలినా ఆర్‌సీసీబీ పడదు. రెండో లోపం పుట్టిన రోజున ప్రమాదం. అందుకే సొంతంగా కరెంటు పుట్టించే చోట, ఆ యంత్రం దగ్గర మాత్రమే, ఒకే ఒక్క చోట న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలి. మంచి ఇన్వర్టర్లలో ఈ పని రిలే చేస్తుంది. బయటి కరెంటు రాగానే ఆ కనెక్షన్ దానంతట అదే విడిపోతుంది. చవక రకం ఇన్వర్టర్లలో అవుట్‌పుట్ వైరుని ఎర్త్‌కి కలిపితే ఇన్వర్టరే కాలిపోవచ్చు. దాని పుస్తకంలో కలపొచ్చని రాసి ఉంటేనే చేయించండి.

బయటి కరెంటు, ఇన్వర్టర్ మధ్య చేంజోవర్ స్విచ్ రెండు పోళ్లదే వేయాలి. న్యూట్రల్ కూడా మారాలి.

జనరేటర్‌ని వ్యాన్‌కి దూరంగా, గాలి వాటం చూసి పెట్టండి. కిటికీ కింద పెడితే దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి వాసన ఉండదు.

దశ 6: 12 వోల్టుల వైపు

12 వోల్టులు షాక్ కొట్టవు కానీ కాల్చేస్తాయి. వందల ఆంపియర్లు ఒక్క క్షణంలో ఇవ్వగల బ్యాటరీకి ఒరుసుకున్న వైరు తగిలితే అది ఎర్రగా కాలి, కింద ఉన్న ప్లైవుడ్‌కి అంటుకుంటుంది. అందుకే పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు దూరం లోపే ఫ్యూజు వేయాలి. అది వస్తువు కోసం కాదు, వైరు కోసం. వైరు మోయగలిగిన దానికంటే ఫ్యూజు తక్కువ ఉండాలి. మామూలు ఏసీ ఎంసీబీని ఇక్కడ వాడకండి. డీసీలో నిప్పురవ్వ ఆరదు. డీసీ రేటింగ్ రాసి ఉన్నదే కొనండి.

1000 వాట్ల ఇన్వర్టర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 100 ఆంపియర్లు లాగుతుంది. దానికి 25 లేదా 35 స్క్వేర్ ఎంఎం వైరు కావాలి, అది కూడా వీలైనంత పొట్టిగా. చిన్న లోడ్లకి కూడా వైరు పొదుపు చేయకండి. 10 ఆంపియర్ల ఫ్రిజ్ బ్యాటరీకి ఐదు మీటర్ల దూరంలో ఉంటే, వెళ్లి రావడం పది మీటర్లు. 2.5 వైరులో 0.8 వోల్టు పోతుంది, 6 వైరులో 0.33 వోల్టు. మొదటి వైరుతో ఫ్రిజ్ లో-వోల్టేజీ అని ఆగిపోతుంటుంది, మీరు బ్యాటరీని తిట్టుకుంటారు.

నెగెటివ్‌ని చాసిస్‌కి ఒక్క చోటే కలపండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, దాని పెట్టెకి బయటికి గాలి దారి ఉండాలి.

రంగుల విషయంలో జాగ్రత్త. మన ఇంటి వైరింగ్‌లో నలుపు న్యూట్రల్, బ్యాటరీ వైరింగ్‌లో నలుపు నెగెటివ్. పాత ఇళ్లలో నీలం మూడో ఫేజు, కొత్త వస్తువుల త్రాడులో నీలం న్యూట్రల్. ఈ గందరగోళం ఒక్క వ్యాన్‌లోనే పక్కపక్కన కనిపిస్తుంది. 230 వైపు వైర్లు వేరే గొట్టంలో, 12 వైపు వేరే గొట్టంలో వేసి, ప్రతి చివరా కాగితం ట్యాగు కట్టండి.

దశ 7: ఊగే బండిలో వైరు నిలవాలంటే

ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లి దిగేసరికి ఇంటి వైరింగ్‌కి పదేళ్లలో రాని ఊపు వ్యాన్‌కి వస్తుంది. అందుకే ఒకే పోగున్న మందపు వైరు వద్దు, అలిసిపోయి విరుగుతుంది. పలు పోగుల వైరు, చివర్లో క్రింప్ చేసిన లగ్గు లేదా ఫెర్రూల్ (పోగుల్ని కలిపి పట్టే సన్న గొట్టం) వేయాలి. టంకం వేసిన చివర ఊపుకి పగులుతుంది. రేకులో రంధ్రం చేసిన ప్రతిచోటా రబ్బరు గ్రోమెట్ (రేకు అంచుకి వైరు ఒరుసుకోకుండా ఆపే ఉంగరం) పెట్టండి. పన్నెండు అంగుళాలకొక క్లిప్పు. గ్యాస్ సిలిండర్ ఉన్న పెట్టెలో స్విచ్, సాకెట్, జాయింట్ ఏదీ ఉండకూడదు. గ్యాస్ గాలి కంటే బరువు, కింద పేరుకుంటుంది.

మొదటి ఐదు వందల కిలోమీటర్ల తర్వాత డబ్బా విప్పి, అన్నీ ఆఫ్ చేసి, ప్రతి స్క్రూ మళ్లీ బిగించండి. నాలుగు స్క్రూలు కదిలాయి నాకు. బారువ, భావనపాడు లాంటి తీరాల్లో రెండు రోజులుంటే ఉప్పు గాలికి రాగి మీద పచ్చటి చిలుము వస్తుంది. చాసిస్ బోల్టునీ, ఇన్‌లెట్ పిన్నులనీ తుడిచి వేజలైన్ రాయండి.

దశ 8: మెగ్గర్ పరీక్ష

కరెంటు ఇచ్చే ముందు ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్ (వైరు ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టించండి. ఇన్వర్టర్, చార్జర్, ఫ్రిజ్ అన్నీ విప్పేసి, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య చూడాలి. ఒక మెగా ఓముకి తగ్గితే ఎక్కడో వైరు ఒరుసుకుంది.

దశ 9: కొత్త చోట ప్లగ్గు పెట్టే ముందు

ఇది ప్రతి ఊరిలోనూ, ప్రతిసారీ. వ్యాన్ తగిలించకముందే సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టండి. ఫేజు-న్యూట్రల్ 230 దగ్గర, ఫేజు-ఎర్త్ కూడా 230 దగ్గర, న్యూట్రల్-ఎర్త్ రెండు మూడు వోల్టుల లోపు రావాలి. ఫేజు-ఎర్త్ 100 ప్రాంతంలోనో, ఊగుతూనో వస్తే ఎర్త్ లేదు. ఫేజు ఎడమ రంధ్రంలో ఉంటే తారుమారు.

మీటరు మాత్రం పూర్తి నిజం చెప్పదు. సన్నటి పోగు ఒక్కటి తగిలి ఉన్నా 230 చూపిస్తుంది. పక్కన ఎర్త్ గొయ్యి కనిపిస్తే అక్కడి వైరు నిజంగా కట్టి ఉందా, తుప్పు పట్టి రాలిందా చూడండి. శుభ్రంగా ఉన్న ఎర్త్ దొరకకపోతే అక్కడి కరెంటు వద్దు. ఆ రాత్రికి బ్యాటరీతో ఫ్యాను, లైటు చాలు. ఎర్త్ లేని సాకెట్‌కి వ్యాన్ తగిలించి పిల్లల్ని తడి కాళ్లతో ఎక్కించడానికి నా మనసు ఇక ఒప్పదు.

తగిలించే వరస: అన్ని ఎంసీబీలు ఆఫ్, కేబుల్‌ని ముందు వ్యాన్ ఇన్‌లెట్‌కి, తర్వాత గోడకి, అప్పుడు స్విచ్ ఆన్. ఎవరూ వ్యాన్ ముట్టుకోకముందే, పొడి చెప్పులేసుకుని, మీటరు ప్రోబ్ ఒకటి తలుపు హ్యాండిల్‌కి, ఒకటి తడి నేలలో గుచ్చిన స్క్రూడ్రైవర్‌కి పెట్టి చూడండి. రెండు మూడు వోల్టులు మించితే గోడ దగ్గర ఆపేయండి. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్ ఆఫ్, గోడ ప్లగ్గు, చివర్న వ్యాన్ వైపు.

పిడుగుల వాన మొదలయ్యేలా ఉంటే కేబుల్ తీసేయండి. మెరుపులు వచ్చాక దాన్ని ముట్టుకోకండి.

ఎవరికైనా షాక్ కొడితే

ముందు మనిషిని ముట్టుకోకండి. వరండాలోనో, స్తంభం దగ్గరి మెయిన్‌లోనో కరెంటు ఆపండి. అది వీలుకాకపోతే పొడి కర్రతో, పొడి చెక్క మీద నిలబడి నెట్టండి. వ్యాన్ లోపల ఉన్నవాళ్లు దిగాల్సి వస్తే మెట్టు మీద నుంచి ఒక్కో కాలూ కింద పెట్టకూడదు. చెయ్యి దేనికీ తగలకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి. మనిషి ఊపిరి తీయకపోతే వెంటనే గుండె మీద నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లని 108కి ఫోన్ చేయమనండి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. తెగిన వైరు, స్తంభం కరెంటు సంగతికి 1912.

మా మేనల్లుడికి ఆ రోజు ఏమీ కాలేదు. ఇప్పుడు ఏ ఊళ్లో ఆగినా స్క్రూడ్రైవర్ తీసి ఇసకలో గుచ్చేది వాడే. అంకె చదివి "సున్నా పాయింట్ నాలుగు, ఎక్కొచ్చు" అని అరిచేదాకా ఎవర్నీ తలుపు ముట్టుకోనివ్వడు.